పాత నెట్‌వర్కులోనే ఉండాలా, పోర్టు పెట్టాలా?

నెట్‌వర్కు మారేటప్పుడు ముందు చెడుతుంది, తర్వాతే బాగుపడుతుంది. మనకు కంపెనీ మారిపోవాలనిపించేది సరిగ్గా ఆ చెడ్డ రోజుల్లోనే. ఫోను మోగుతుంది, ఎత్తితే అవతలి మాట వినపడదు. తెర మీద సిగ్నలు గీతలు నిండుగా ఉంటాయి, వాట్సాప్‌లో ఫొటో మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అదే వారంలో కంపెనీ నుంచి మెసేజి వస్తుంది: మీ పాత సిమ్మును 4జీ సిమ్ముగా మార్చుకోండి, ఉచితం అని. బజారుకెళ్తే గొడుగు వేసుకుని కూర్చున్న కుర్రాడు ఇంకో కంపెనీ సిమ్ములు పరిచి, నంబరు అదే ఉంటుంది, పది నిమిషాల పని అంటాడు. ఆధార్ కార్డు జేబులోనే ఉంది. ఉండాలా, పోవాలా?

మా బంధువుల్లో ఈ రెండేళ్ళలో నన్ను ఈ మాట అడగనివాళ్ళు తక్కువ. అందరికంటే ముందు అడిగింది మా అమ్మ. ఆవిడ నంబరు 2007 నుంచి ఒకటే. బ్యాంకు, గ్యాసు, ఆధార్, ఊళ్ళో సగం మంది ఫోన్లు, అన్నీ ఆ పది అంకెలకే కట్టి ఉన్నాయి. "ఏరా, మోగుతోంది గానీ నీ మాట రావట్లేదు, డాబా ఎక్కి చేస్తున్నా" అని ఒక సాయంత్రం అన్నప్పుడు పోర్టు పెట్టించేద్దామనే అనుకున్నాను. ఆగి, విషయం మొత్తం చదివి, సెల్ షాపుల వాళ్ళను, టవర్ల దగ్గర పనిచేసేవాళ్ళను అడిగి, అప్పుడు తేల్చుకున్నాను. ఆ తేల్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మొదట గట్టిగా చెప్పవలసింది ఒకటుంది. 'నెట్‌వర్కు మారుతోంది' అనే ఒకే మాట వెనక మూడు వేర్వేరు సంగతులుంటాయి. ఒక కంపెనీ ఇంకో దానిలో కలిసిపోతుండవచ్చు. ఒక కంపెనీ మూతపడుతుండవచ్చు. లేదా ఉన్న కంపెనీయే పాతది తీసి కొత్తది కట్టుకుంటుండవచ్చు. మూడింటిలోనూ మన ఫోనులో కనపడే జబ్బు ఒకేలా ఉంటుంది, మందు మాత్రం వేరు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

కలిసిపోవడం తెలుగువాళ్ళు ఎన్నిసార్లో చూశారు. రాష్ట్రం రెండయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిలు. ఈ సర్కిల్లో టాటా సెల్యులార్ పేరుతో మొదలైనది తర్వాత ఐడియా అయింది. జేటీ మొబైల్స్ ఎయిర్‌టెల్ చేతికి వెళ్ళింది. హచ్ వొడాఫోన్ అయింది. యూనినార్‌గా వచ్చి టెలినార్‌గా పేరు మార్చుకున్న కంపెనీ 2018 మేలో ఎయిర్‌టెల్‌లో కలిసింది, టాటా డొకోమో 2019 జులైలో అదే దారి పట్టింది. 2018 ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి, 2020 సెప్టెంబరులో వీఐ అనే పేరు పెట్టుకున్నాయి. ఇన్ని విలీనాల్లో నాకు కనపడిన తేడా ఇది: చిన్న కంపెనీ పెద్ద కంపెనీలో కలిసినప్పుడు చిన్నదాని ఖాతాదారులకు సాధారణంగా మేలే జరుగుతుంది, ఎందుకంటే వాళ్ళకు పెద్ద కంపెనీ టవర్లు అందుబాటులోకి వస్తాయి. కాస్త ఓపిక పడితే చాలు. సమఉజ్జీలు కలిసినప్పుడు అంత తేలిక కాదు. ఒకే చోట రెండు కంపెనీల పరికరాలుంటే ఒకటి దించాలి, రెండింటి పౌనఃపున్యాలు సర్దాలి, రెండు పెద్ద వ్యవస్థలను ఒకటిగా కుట్టాలి. ఆ కుట్టుపని సర్కిలు సర్కిలుగా, ఊరు ఊరుగా ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆ మధ్యకాలంలో ఒక వీధిలో బాగుండి పక్క వీధిలో చెడిపోవడం మామూలే.

మూతపడటం వేరే కథ, అక్కడ ఓపిక పనికిరాదు. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 డిసెంబరు 1న వాయిస్ సేవలు ఆపేసింది. ఎయిర్‌సెల్ 2018 ఫిబ్రవరి చివర దివాలా ప్రక్రియకు దరఖాస్తు పెట్టుకుంది. ఎయిర్‌సెల్ దెబ్బ ఎక్కువగా తగిలింది తమిళనాడుకు, అక్కడ లక్షలమంది నంబర్లు ఉన్నట్టుండి మూగబోయాయి. ఆ రోజుల్లో బయటపడిన ఒక సంగతిని నేను ఎప్పుడూ మరిచిపోను. పోర్టు పెట్టాలంటే పాత సిమ్ము నుంచి 1900కు మెసేజి పంపి కోడు తెచ్చుకోవాలి. ఆ మెసేజి పోవాలంటే పాత నెట్‌వర్కు ప్రాణంతో ఉండాలి. టవర్లు ఆగిపోయినవాళ్ళకు బయటికి వెళ్ళే తలుపు కూడా మూసుకుపోయింది. చివరికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ జోక్యం చేసుకుని కోడ్ల గడువును ఏప్రిల్ 15 దాకా పొడిగించవలసి వచ్చింది. కాబట్టి కంపెనీ అప్పులు, జీతాల బకాయిలు, టవర్ల అద్దె కట్టలేదని సిగ్నలు ఆపేశారన్న వార్తలు వరసగా వస్తున్నాయంటే, అది మూత పడే జాతి. సిగ్నలు ఇంకా ఉండగానే వెళ్ళిపోవాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

మూడోది, ఉన్న కంపెనీయే కొత్త నెట్‌వర్కు కట్టుకోవడం, ఇప్పుడు మన ముందున్నది. నిజంగా ఆలోచించవలసింది కూడా ఇదే. దీనికి పెద్ద ఉదాహరణ బీఎస్‌ఎన్‌ఎల్.

2024 జులై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ధరలు పెంచాయి. జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాను 239 నుంచి 299 రూపాయలైంది. 28 రోజుల ప్లానంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు కట్టాలి. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే భారం ఎంతో గృహిణులకు చెప్పక్కర్లేదు. బీఎస్‌ఎన్‌ఎల్ పెంచలేదు. జనం అటు కదిలారు. ఆ జులై ఒక్క నెలలోనే బీఎస్‌ఎన్‌ఎల్‌కు 29 లక్షలకు పైగా ఖాతాదారులు పెరిగారు, ఆగస్టులో మరో 25 లక్షలు. తర్వాత ఆ ఊపు తగ్గుతూ వచ్చి, నవంబరులో తిరిగి 3 లక్షలకు పైగా తగ్గిపోయారు. అయిదు నెలల్లో పోటు, ఆటు రెండూ అయిపోయాయి.

ఎందుకని? వచ్చినవాళ్ళు ధర చూసి వచ్చారు, నెట్‌వర్కు ఇంకా కట్టుబడిలోనే ఉంది. దాని ఆలస్యానికి కారణాలున్నాయి. 2020లో పిలిచిన 4జీ టెండరు ఆ ఏడాదే రద్దయింది. చైనా పరికరాలు వద్దనుకున్నారు, దేశంలో తయారైనవే వాడాలన్నారు. మిగతా కంపెనీలు విదేశీ పరికరాలు కొని బిగించుకుంటుంటే, బీఎస్‌ఎన్‌ఎల్ కోసం టీసీఎస్ నాయకత్వంలో తేజస్ నెట్‌వర్క్స్ రేడియోలు, సీ-డాట్ కోర్ వ్యవస్థ కొత్తగా తయారై, పరీక్షలు ముగించుకుని రావలసి వచ్చింది. అంతకుముందే 2020 జనవరిలో స్వచ్ఛంద పదవీ విరమణ కింద 78 వేలమందికి పైగా ఉద్యోగులు ఒక్కసారిగా వెళ్ళిపోయారు, అంటే దాదాపు సగం మంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వెళ్తే తాళం కనపడటానికి ఇదీ ఒక కారణం. లక్ష టవర్ల కోసం ఆర్డరు 2023లో వెళ్ళింది. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడ నుంచి ప్రధాని ఈ స్వదేశీ 4జీని ప్రారంభించారు, సుమారు 97,500 టవర్లు, 37,000 కోట్ల రూపాయల ఖర్చు. సొంతంగా టెలికాం పరికరాలు తయారుచేసుకోగల దేశాలు ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో మనమూ చేరడం నాకు మనస్ఫూర్తిగా సంతోషం. కానీ దేశం మీద ప్రేమతో అయినా, అమ్మకు అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఫోను కలవాలి కదా. ఈ రెండింటినీ విడివిడిగానే చూడాలి.

ఈ పని జరుగుతుండగా సిగ్నలు ఎందుకు చెడుతుందో తెలిస్తే నిర్ణయం సగం తేలికవుతుంది. టవరు ఎక్కి కొత్త రేడియో బిగించడం ఆ పనిలో ఒక ముక్క మాత్రమే. టవరు నుంచి ఎక్స్ఛేంజికి డేటా మోసే దారి ఒకటుంది, ఫైబరు కేబులు గానీ మైక్రోవేవ్ డిష్షు గానీ. 2జీ మాటలకు సరిపోయిన ఆ సన్నటి దారి 4జీ వీడియోలకు చాలదు. రేడియో కొత్తదై దారి పాతదైతే, గీతలు నిండుగా ఉండి నెట్టు మాత్రం రాదు. మన ఫోను చూపించే గీతలు టవరు దాకా ఉన్న బలాన్నే చెపుతాయి, టవరు వెనక ఏముందో వాటికి తెలియదు.

మాట వినపడకపోవడానికి ఇంకో కారణం. 4జీ అసలు డేటా కోసం పుట్టింది. అందులో మాట్లాడాలంటే వోల్టే అనే ఏర్పాటు కావాలి. జియో 2016 సెప్టెంబరులో వచ్చిందే వోల్టేతో, దానికి 2జీ, 3జీ లేవు కాబట్టి ఈ తలనొప్పే లేదు. పాత కంపెనీల్లో మాత్రం వోల్టే కుదరకపోతే ఫోను కాల్ వచ్చిన ప్రతిసారీ 4జీ వదిలి కిందికి, 3జీకో 2జీకో దిగి మాట్లాడుతుంది. ఎయిర్‌టెల్, వీఐ 3జీని ఎత్తేసి ఆ పౌనఃపున్యాన్ని 4జీకి ఇచ్చేశాయి. అలా ఎత్తేసినచోట దిగడానికి 2జీ ఒక్కటే మిగులుతుంది. అప్పటికే కిక్కిరిసిన 2జీ మీదకు అందరూ దిగితే కాల్ కలవడానికి పది, పదిహేను సెకన్లు పట్టడం, కలిశాక తెగిపోవడం, ఒకవైపే వినపడటం జరుగుతాయి. ఫోనులో వోల్టే ఆన్ చేసి ఉందో లేదో చూసుకోవడం, కంపెనీ వైపు నుంచి మన నంబరుకు అది తెరిచారో లేదో అడగడం: ఈ రెండు పనులతోనే కొన్ని ఇళ్ళలో పోర్టు ఆలోచన వాయిదా పడింది. మా అమ్మ విషయంలో సగం జబ్బు ఇదే.

మిగతా సగం ఫోనుది. పౌనఃపున్యం తక్కువైతే సిగ్నలు దూరం పోతుంది, గోడలు దాటుతుంది. ఎక్కువైతే దూరం తగ్గుతుంది. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో వస్తోంది. పల్లెలో, స్లాబు ఇంటి లోపలి గదిలో, పనికొచ్చేది 700. పాత 4జీ ఫోన్లలో కొన్నింటికి ఈ 700 బ్యాండు, అంటే బ్యాండ్ 28, లేదు. అలాంటి ఫోను చేతిలో పెట్టుకుని వీధి గుమ్మంలో సిగ్నలుంది, వంటింట్లో లేదు అంటే తప్పు టవరుది కాదు. ఫోను మోడలు పేరు కొట్టి తయారీ కంపెనీ సైట్లో బ్యాండ్ల పట్టీ చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. సిమ్ములు అమ్మే కుర్రాడు ఈ మాట చెప్పడు. అతనికీ తెలియకపోవచ్చు.

ఇక అసలు మాటకు వస్తాను. కంపెనీ బాగుందా అని అడగడం మానేసి, మా ఇంటికి పనిచేసే టవరు బాగుందా అని అడగాలి. దేశంలో ఎవరిది నంబర్ వన్ అన్నది ప్రకటనల వాళ్ళకు కావలసిన సంగతి. మనిషి జీవితం మూడు నాలుగు చోట్ల నడుస్తుంది: ఇల్లు, పనిచేసే చోటు, ఆ రెండింటి మధ్య దారి, ఇంకా పెద్దవాళ్ళుండే ఊరు. ఆ చోట్లలో నడిచేదే మన నెట్‌వర్కు. అక్కడా ఒక చిక్కుంది. ఇంటి పక్కనే టవరు ఉందంటే మన కంపెనీ దాని మీద ఉందని అర్థం కాదు. ఇండస్ టవర్స్ వంటి సంస్థలు టవరు కట్టి కంపెనీలకు అద్దెకిస్తాయి. ఒకే ఇనుప గోపురం మీద ముగ్గురుండవచ్చు, ఒక్కరే ఉండవచ్చు.

తెలుసుకోవడానికి ఇప్పుడు కొన్ని సాధనాలున్నాయి. ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ 2జీ, 4జీ, 5జీ ఏ ఊళ్ళో ఉన్నాయో చూపే పటాలను తన సైట్లో పెట్టాలి. టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్లో చుట్టుపక్కల టవర్లు కనపడతాయి. వీటిని చూడండి, కానీ నమ్మి సంతకం పెట్టకండి. పటంలో రంగు పడినచోట బయట సిగ్నలు ఉండవచ్చు, పడకగదిలో ఉంటుందని ఆ రంగు హామీ ఇవ్వదు. అన్నిటికంటే మంచి పరీక్ష రెండో సిమ్ము. మన దేశంలో దాదాపు ప్రతి ఫోనుకీ రెండు సిమ్ముల అర ఉంటుంది, ఈ వరాన్ని మనం సరిగ్గా వాడుకోవడం లేదు. వెళ్దామనుకుంటున్న కంపెనీది కొత్త నంబరొకటి 28 రోజులకు తీసుకుని రెండో అరలో వేయండి. పాత నంబరును కదపకండి. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య, ఊరంతా సీరియళ్ళూ క్రికెట్టూ ఫోన్లలో చూస్తున్న వేళ పరీక్షించండి. పగలు పదకొండు గంటలకు ఏ నెట్‌వర్కైనా బాగానే ఉంటుంది. స్పీడు అంకెలు చూసి మురిసిపోవద్దు, కాల్ చేసి పది నిమిషాలు మాట్లాడండి. కరెంటు పోయినప్పుడు చూడండి, జనరేటరు గానీ బ్యాటరీలు గానీ లేని టవరు అరగంటలో చచ్చిపోతుంది. ఆ ఒక్క నెల రీఛార్జి ఖర్చు మూడు నెలల చెరకంటే చవక.

మూడు నెలల చెర అని ఊరికే అనలేదు. పోర్టు నిబంధనల్లో మన మీద పడే అసలు బరువు అదే. నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే సౌకర్యం దేశమంతటా 2011 జనవరి 20న మొదలైంది. సర్కిలు దాటినా అదే నంబరు ఉంచుకునే వీలు 2015 జులైలో వచ్చింది. ఇప్పటిదాకా వచ్చిన దరఖాస్తులు 100 కోట్లు దాటాయి. అంత తేలికైంది కాబట్టే జనం తొందరపడతారు. కానీ ఒకసారి మారితే కొత్త కంపెనీలో 90 రోజులు ఉండి తీరాలి, అప్పటిదాకా మళ్ళీ పోర్టు కోడు రాదు. పాత కంపెనీలో మిగిలిన ప్రీపెయిడ్ బ్యాలెన్సు, వ్యాలిడిటీ వెంట రావు. ఏడాది ప్లాను వేయించుకుని రెండో నెలలో పోర్టు పెడితే పది నెలల డబ్బు గోదాట్లో కలిసినట్టే. పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బకాయి పైసా లేకుండా తీర్చాలి. పద్ధతి అందరికీ తెలిసిందే: పోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, మన నంబరు వేసి 1900కు పంపితే ఎనిమిది అక్షరాలంకెల కోడు వస్తుంది. అది మన సర్కిల్లో నాలుగు రోజులు చెల్లుతుంది. సర్కిలు లోపల మూడు పనిదినాల్లో, సర్కిలు దాటితే అయిదు పనిదినాల్లో మార్పు పూర్తవుతుంది.

నెట్‌వర్కు మారుతున్న రోజుల్లో దీనికి తోడు మరో రెండు నిబంధనలు కాళ్ళకు అడ్డం పడతాయి, వీటి గురించి ఎవరూ ముందు చెప్పరు. మోసగాళ్ళు దొంగ సిమ్ము తీసుకుని బ్యాంకు ఖాతాలు ఊడ్చేస్తున్నారని, సిమ్ము మార్చాక 24 గంటల దాకా మెసేజిలు ఆపాలని టెలికాం శాఖ 2022లో ఆదేశించింది. అంటే పాత సిమ్మును 4జీ సిమ్ముగా మార్చిన రోజంతా ఓటీపీ రాదు. రెండోది, 2024 జులై 1 నుంచి, సిమ్ము మార్చిన 7 రోజుల లోపు పోర్టు కోడు ఇవ్వరు. రెండూ మన రక్షణకే పెట్టారు, నేను వాటిని సమర్థిస్తాను. కానీ వరస తెలియకపోతే ఇరుక్కుంటాం. ముందు 4జీ సిమ్ము మార్చి, నచ్చక మర్నాడే పోర్టు పెడదామంటే కుదరదు. ఆసుపత్రిలో బిల్లు కట్టవలసిన రోజు, ఇంటి రిజిస్ట్రేషను రోజు, పిల్లల ఫీజు ఆఖరి రోజు సిమ్ము మార్చకూడదు. ఫోన్‌పే, గూగుల్ పే వంటివి సిమ్ము మారాక మళ్ళీ నమోదు అడగవచ్చు, అలా కొత్తగా నమోదైన మొదటి రోజు పంపగల డబ్బుకు పరిమితి తక్కువ. మా ఇంట్లో ఈ వరస తెలియక ఒకసారి దెబ్బ తిన్నాం. పేరు అనవసరం, ఒక కంపెనీ కౌంటరులో అమ్మ సిమ్ము మార్చారు, ఇరవై నాలుగు గంటల సంగతి చెప్పలేదు. సాయంత్రం మందుల షాపులో డబ్బు కట్టబోతే ఓటీపీ రాలేదు. షాపతను తెలిసినవాడు కాబట్టి, తర్వాత ఇవ్వండమ్మా అన్నాడు. తెలియని ఊళ్ళో అయితే?

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఇది ఇంకా గట్టి చిక్కు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ ఇక్కడి బ్యాంకు ఓటీపీల కోసం ఒక భారతీయ నంబరును రీఛార్జి చేస్తూ బతికించుకునేవాళ్ళు ఇంటికొకరున్నారు. పాత సిమ్ము పనిచేయదు, దుకాణానికి వచ్చి మార్చుకోండి అంటే అక్కడి నుంచి రాలేరు. అలాంటి నంబరు ఉన్న కంపెనీ మార్పుల్లో ఉంటే, సెలవుల మీద వచ్చినప్పుడే వారం పది రోజులు చేతిలో ఉంచుకుని సిమ్ము పని ముగించుకోవాలి, తిరుగు ప్రయాణం ముందురోజు కాదు. అమెరికాలో ఉన్నవాళ్ళకు అక్కడి అనుభవమూ ఉంది. 2020 ఏప్రిల్‌లో టీ-మొబైల్ స్ప్రింట్‌ను కలుపుకుని, 2022లో స్ప్రింట్ పాత నెట్‌వర్కులను ఒక్కొక్కటిగా ఆపేసింది, పాత ఫోన్లు పనికిరాకుండా పోయాయి. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు చివర 3జీ ఆపినప్పుడు, అత్యవసర నంబరుకు కాల్ చేయలేని ఫోన్లకు సేవే ఇవ్వకూడదని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది. కఠినమే, అయినా నాకు సబబనిపించింది. ఆపదలో 112 కలవని ఫోను చేతిలో ఉండటం, లేకపోవడం కంటే ప్రమాదం.

అసలు ఎంచుకునే వీలే లేనివాళ్ళను మరచిపోకూడదు. పాడేరు, చింతపల్లి, రంపచోడవరం కొండల్లో, ఏటూరునాగారం అడవుల్లో, నల్లమల పెంటల్లో ఏ కంపెనీ అని ఎవరూ అడగరు, ఏదైనా వస్తుందా అని అడుగుతారు. లాభం రాని అలాంటి ఊళ్ళకు ప్రభుత్వ నిధితో టవర్లు వేస్తున్నారు. 2022 జులైలో దేశంలోని 24,680 గ్రామాలకు 4జీ ఇచ్చే పనికి 26,316 కోట్లు మంజూరు చేసి బీఎస్‌ఎన్‌ఎల్‌కు అప్పగించారు. 2025 జనవరి నుంచి, ప్రభుత్వ నిధితో వేసిన 4జీ టవర్లను బీఎస్‌ఎన్‌ఎల్, ఎయిర్‌టెల్, జియో పంచుకునే ఏర్పాటు మొదలైంది. ఆ టవరు కింద మూడింటిలో ఏ సిమ్మున్నా పనిచేస్తుంది. నా మటుకు నాకు, ఇన్నేళ్ళలో జరిగిన టెలికాం నిర్ణయాల్లో ఇది చాలా మంచిది. అలాంటి ఊళ్ళో పోర్టు పెట్టి ప్రయోజనం లేదు.

బటన్ ఫోను వాడే ముసలివాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు 4జీ రావడం వల్ల కలిగే లాభం చిన్నది, 2జీ పోతే నష్టం పెద్దది. వాళ్ళ కంపెనీ 2జీని ఉంచుతుందా అన్నదొక్కటే చూడాలి. జియోలో 2జీ లేదు, కాబట్టి మామూలు 2జీ బటన్ ఫోను అక్కడ పనిచేయదు, 4జీ బటన్ ఫోను కొనాలి. డేటా లేకుండా మాటలకూ మెసేజిలకూ మాత్రమే ప్లాన్లు ఇవ్వాలని, 365 రోజుల దాకా వ్యాలిడిటీ పెట్టవచ్చని ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. దుకాణంలో అడిగితేనే చూపిస్తారు. అడగండి.

కోస్తా జిల్లాల వాళ్ళకు నా సలహా ఇంకాస్త వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు ఫోన్లు రోజుల తరబడి మూగబోయి, బతికే ఉన్నామని చెప్పుకోవడానికి జనం పడిన పాట్లు గుర్తున్నవాళ్ళెవరూ ఇంట్లో అన్ని ఫోన్లూ ఒకే కంపెనీకి మార్చరు. ఆఫరు బాగుందని నలుగురూ కలిసి ఒకే చోటికి పోర్టు పెట్టడం నాకు ఎప్పుడూ సరిగా అనిపించదు. ఇంటికి రెండు కంపెనీలుండాలి.

కంపెనీల నుంచి మనం గట్టిగా అడగవలసింది కూడా ఉంది. ట్రాయ్ కొత్త నిబంధనల్లో ఒక మంచి మాట చేరింది: జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి సేవ ఆగిపోతే పోస్ట్‌పెయిడ్ వాళ్ళకు అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వాళ్ళకు వ్యాలిడిటీ పొడిగించాలి. కానీ నెట్‌వర్కు మార్పులో జిల్లా మొత్తం ఎప్పుడూ ఆగదు, ఒక్కో టవరు వారం పది రోజులు కుంటుతుంది. ఆ వారం పది రోజులకు జవాబు చెప్పేవాళ్ళు లేరు. కరెంటు ఆఫీసు వాళ్ళు లైన్ల మరమ్మతుకు ఫలానా వీధిలో ఫలానా గంటల్లో సరఫరా ఉండదని ముందురోజు పేపర్లో వేస్తారు. టెలికాం కంపెనీలు కూడా ఫలానా ఊరి టవరు ఫలానా తేదీల్లో మారుతుంది, అప్పటిదాకా కాల్స్ తెగవచ్చు, ఫలానా తేదీకి బాగవుతుంది అని ఊరి పేరుతో ఎందుకు చెప్పకూడదు? టవరు వారీగా క్యాలెండరు వాళ్ళ దగ్గర ఉంటుంది, లేకుండా అంత పని జరగదు. ఆ తేదీ ఒక్కటి తెలిస్తే చాలామంది ఓపిక పడతారు. తేదీ తెలియని మనిషిని ఓపిక పట్టమనడం న్యాయం కాదు, అతను పోర్టు పెడితే తప్పు పట్టకూడదు.

కాబట్టి కంపెనీ కొత్తది కట్టుకుంటున్న సందర్భంలో నేను పెట్టుకున్న గడువు ఇది. మన టవరు మీద పని కళ్ళ ముందు మొదలై ఉంటే రెండు 28 రోజులు ఆగుతాను. వోల్టే, ఫోను బ్యాండు, సిమ్ము మూడూ సరిచూసుకున్నాక కూడా ఆ రెండు రీఛార్జిల్లో మాట తేటపడకపోతే, రెండో సిమ్ముతో పరీక్షించి ఉంచుకున్న చోటికి వెళ్తాను. పని మొదలే కాకపోతే అంతకాలం కూడా ఆగను.

అమ్మ నంబరు పాత చోటే ఉంది. వోల్టే తెరిపించాం, సిమ్ము మార్పించాం, రెండో అరలో ఇంకో కంపెనీది పెట్టాం. టవరు మీద కొత్త డబ్బాలు బిగించడం చూశానని పక్కింటి మాస్టారు చెప్పారు. మొదటి నెల రీఛార్జి ముగిసింది, రెండోది నడుస్తోంది. రోజూ రాత్రి తొమ్మిదికి ఫోను చేస్తున్నాను. నిన్న అమ్మ డాబా ఎక్కకుండా వంటింట్లోంచే మాట్లాడింది. పోపు చిటపటలు కూడా వినపడ్డాయి.